మేజోళ్ళలో చాక్లెట్

సైనికుల ఆదరణ సంఘం అధ్యక్షురాలికి ఎండ మీద నమ్మకం లేదు. ఎండ అనేది ఒకటి ఉందని విన్నదే గానీ, దానితో ఆవిడకు ముఖపరిచయం తక్కువ. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, సంఘం హాల్లో ఏసీ. ఆ మూడింటి మధ్యా నడవాల్సిన నాలుగడుగులకీ గొడుగు పట్టడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవారు. అలాంటి మనిషి, ఇనుప కంచె ముట్టుకుంటే చెయ్యి కాలే ఎడారిలో కాపలా కాస్తున్న కుర్రాళ్ళకి నెలనెలా ఏం పంపాలో నిర్ణయించేది. ఆవిడ నిర్ణయించింది చాక్లెట్.

పోనీ అంగట్లో దొరికే గట్టి చాక్లెట్ అయినా బాగుండేది. ఇది ఆవిడ స్వహస్తాలతో చేసేది. వెన్న, పాలు, చక్కెర, చాక్లెట్ పొడి కలిపి ఉడికించి, పళ్ళెంలో పోసి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక కడ్డీలుగా కోసేది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోవాలన్నది ఆవిడ సిద్ధాంతం. కోడలి అనుభవంలో మాత్రం అది నోటిదాకా రాకముందే వేళ్ళ మధ్య జారిపోయేది. వంటింట్లోంచి ముందుగదిలోకి తెచ్చేసరికి అంచులు మెత్తబడి, పళ్ళేనికి అతుక్కునేవి. దాన్ని ఆవిడ ఎడారికి పంపేది.

కోడలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఫోనెత్తడం, వచ్చినవాళ్ళను వరుసలో పిలవడం, కుర్చీలో కూర్చున్నాక నోరు తెరవనని మొరాయించే పెద్దమనుషుల్ని బుజ్జగించడం ఆమె పని. అధ్యక్షురాలి కొడుకే ఆమె భర్త. అతను కిందటి చలికాలంలో ఆ ఎడారి శిబిరానికి వెళ్ళాడు. అప్పటినుంచి మూడో అంతస్తులోని ఆ ఇంట్లో అత్తా కోడళ్ళు ఇద్దరే మిగిలారు.

ఆ శిబిరానికి మామూలు తపాలా పోదు. నెలకోసారి సైన్యం వ్యాను వచ్చి, సంఘం కట్టిన పెట్టెలు పట్టుకుపోతుంది. మనిషికి ఒక్కటే పెట్టె, బూట్ల పెట్టె కన్నా కాస్త పెద్దది. అందులో ఏది పడితే అదే అవతలివాడికి చేరుతుంది. భర్తకి ఒక దువ్వెన పంపాలన్నా కోడలు అత్తగారి దయ కోసం కాచుకుని కూర్చోవాల్సిందే.

ఒక ఆదివారం అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు అతను ఫోన్ చేశాడు.

“అమ్మ పక్కనుందా?” అన్నాడు ముందుగా.

“లేరులే. చెప్పు.”

“కాళ్ళు పాడయ్యాయి. రోజంతా బూట్లలో చెమట పట్టి వేళ్ళ మధ్య పుళ్ళు పడ్డాయి. ఇక్కడి డాక్టరేమో పూటకో జత పొడి సాక్సులు మార్చమంటున్నాడు. పొడివి నేనెక్కణ్ణుంచి తేను?”

“అదేంటి, ప్రతి నెలా పెడుతున్నాను కదా! పోయిన నెల కొత్తవి నా చేత్తో కొనిచ్చాను.”

“వచ్చాయి. అన్నీ చాక్లెట్‌లో ఊరి వచ్చాయి. ఉతుకుదామంటే తాగే నీళ్ళకే దిక్కులేదు. ఆరబెడితే ఇసక అంటుకుని ఉప్పుకాగితంలా తయారయ్యాయి. వాటితో నడిస్తే ఉన్న చర్మం కూడా ఊడొస్తోంది.”

“మరి అత్తయ్యతో చాక్లెట్ బాగుంది, అందరం తిన్నాం అంటావేంటి ఎప్పుడూ?”

“అమ్మతో ఇంకేమంటాను? ఈ సంగతి ఆవిడకి చెప్పకు, బాధపడుతుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఈసారి కూడా తడివే వస్తే నేను బూటు ఎక్కించలేను. ఆస్పత్రి గుడారంలో పడుకోబెడతారు.”

ఫోన్ పెట్టేశాక కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలట, చెప్పకూడదట. తల్లి మనసు నొచ్చుకోకూడదు గానీ కొడుకు కాళ్ళు కుళ్ళిపోయినా ఫరవాలేదా అనుకుంది. అయినా అతను చెప్పొద్దన్నాడు కాబట్టి నోరు కుట్టేసుకుంది.

అసలు మేజోళ్ళు చాక్లెట్‌లో ఊరడానికి కారణం అధ్యక్షురాలి మేధాశక్తి. దారిలో కడ్డీ విరుగుతుందేమోనని ఆవిడకు మహా బెంగ. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. కడ్డీని పల్చటి కాగితంలో చుట్టి, ఒక మేజోడులోకి దూర్చి మడిచి, ఆ మడతను రెండో మేజోడులోకి దూర్చేవారు. పసిగుడ్డును చుట్టినట్టు ఉంటుందని దానికి ‘పొత్తిళ్ళ పద్ధతి’ అని పేరు కూడా పెట్టింది. కొత్తగా చేరిన సభ్యులకు స్వయంగా నేర్పేది. విరుగుతుందన్న భయమే తప్ప కరుగుతుందన్న అనుమానం ఆ బుర్రకి ఒక్కసారీ తట్టలేదు.

పెట్టెలు కట్టే రోజున కోడలు క్లినిక్‌కి సెలవు పెట్టి సంఘం హాలుకి వెళ్ళింది. చల్లటి హాల్లో పొడవాటి బల్లల చుట్టూ ఆడవాళ్ళు శాలువాలు కప్పుకుని మేజోళ్ళలో చాక్లెట్ దూరుస్తున్నారు. అధ్యక్షురాలు ఈ చివరినుంచి ఆ చివరికి పచార్లు చేస్తూ పొత్తిళ్ళు సరిచేస్తోంది. వెనకాలే సంఘం కార్యదర్శి. ఈ కార్యదర్శిని చాటున అందరూ అవునమ్మ అంటారు. అధ్యక్షురాలు మాట పూర్తిచేయకముందే “అవునవును” అనడం తప్ప ఆవిడ ఆ పదవిలో ఇంకేమీ చేసినట్టు ఎవరికీ గుర్తులేదు.

“అత్తయ్యా, అక్కడి ఎండకి చాక్లెట్ కరుగుతుందేమో. ఈ నెలకి మానేసి, సాక్సులూ పౌడరూ ఎక్కువ పెడదామా?” అంది కోడలు వీలైనంత మెత్తగా.

బల్లల చుట్టూ చేతులు ఆగిపోయాయి. అధ్యక్షురాలు కళ్ళజోడు పైనుంచి చూసింది.

“కరుగుతుందని నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేముంది? ఎండాకాలం కదా...”

“నువ్వు అప్పటి సమావేశానికి రాలేదు, అందుకే తెలీదు. పరీక్ష చేశాం.”

“అవునవును, పరీక్ష చేశాం,” అంది అవునమ్మ.

ఆ పరీక్ష గురించి కోడలు విన్నదే. ఒక పెట్టెను అన్ని హంగులతో కట్టి, ఇదే హాల్లో, బీరువా పక్కన, ఏసీ గాలి సూటిగా కొట్టే చోట పెట్టారు. నెలాఖరున అందరి ముందూ విప్పారు. చాక్లెట్ కొయ్యముక్కలా గట్టిగా ఉంది. చప్పట్లు మోగాయి. ఆనాటి నుంచి ప్రతి పెట్టె మీదా ‘పరీక్షించబడినది’ అని ఎర్ర సిరాతో ముద్ర పడుతోంది. అంతమంది చదువుకున్న ఆడవాళ్ళలో ఒక్కరికైనా నవ్వు రాకపోవడం కోడలికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

“అది ఏసీలో చేశారు కదా అత్తయ్యా. ఒకసారి మేడ మీద ఎండలో పెట్టి చూస్తే?”

“మేడ మీద పెడితే కాకులు ఎత్తుకుపోవూ?”

“అవునవును, కాకులు.”

“పోనీ సాక్సులు వేరేగా ప్లాస్టిక్ కవర్లో...”

“ప్లాస్టిక్ పెడితే ఫొటోలో మెరుస్తుంది. పత్రికవాళ్ళు ముందే చెప్పారు.” ఆవిడ బల్లల వైపు తిరిగింది. “పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది కదండీ, తీపంటే ఒంటికాలి మీద లేస్తుంది మా కోడలు.”

అందరూ హాయిగా నవ్వారు. నిజానికి ఆ పెట్టెల అసలు గమ్యం పత్రికే. శిబిరానికి వెళ్ళడం ఆ తరవాత ఎలాగూ తప్పని చిన్న తతంగం. ఆ ముక్క మొహాన అనేద్దామన్నంత కోపం వచ్చింది కోడలికి.

“మొన్న ఫోన్లో వాడే చెప్పాడు,” అంది అత్తగారు గొంతు పెంచి, “ఆఖరి ముక్క కోసం కుర్రాళ్ళంతా కొట్టుకున్నారట!”

ఆ కొట్లాట ఎంత బాగా జరిగిందో చెప్పే పుళ్ళు ఆ కుర్రాడి కాళ్ళ మీదే ఉన్నాయి. కానీ కోడలికి చెప్పడానికి లేదు.

ఆ సాయంత్రం ఆమె బజారుకు పోయి పల్చటి నూలు మేజోళ్ళు, కాళ్ళకు చల్లే మందు పౌడరు, వేయించిన పల్లీలు, నిమ్మరసం పొడి కొంది. అన్నిటినీ గట్టి సంచీలో కట్టి స్కూటర్ డిక్కీలో దాచింది. వ్యాను బయలుదేరే రోజున ఎవరూ చూడకుండా భర్త పెట్టె విప్పి, లోపలిదంతా పారేసి, ఇవి కుక్కేయాలని ఆమె పథకం. సొంత మొగుడికి మేజోళ్ళు పంపడానికి దొంగతనం చేయాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది. కానీ తప్పదు.

ఆ రోజు రానే వచ్చింది. ఫొటోలకి వెలుతురు బాగుంటుందని సభను హాలు ముందు ఆరుబయట పెట్టారు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టెల్ని మెట్లుమెట్లుగా పేర్చి, అన్నిటికన్నా పైన, నడినెత్తిన, అధ్యక్షురాలు తన కొడుకు పెట్టెను కూర్చోబెట్టింది. దాన్ని తియ్యాలంటే మొత్తం మేడ కూలాల్సిందే. డిక్కీలో సంచీ పెట్టుకుని కోడలు దూరంగా నిలబడి పళ్ళు కొరుక్కుంది. పెద్ద ఆఫీసరు వచ్చి, మొదటి పెట్టె అందుకుని, ఫొటో దిగాక గానీ వ్యాను తలుపు తెరవరట.

పెద్ద ఆఫీసరు చెప్పిన వేళకి రాలేదు. పెట్టెలు మాత్రం పొద్దున్నే వచ్చి ఎండలో కూర్చున్నాయి. ఆహూతులకి షామియానా ఉంది, అధ్యక్షురాలికి గొడుగుంది, మైకుకి కూడా నీడ చూశారు. పెట్టెల గురించి ఎవరికీ పట్టలేదు. అవి పరీక్షించబడినవి కదా.

ఆఫీసరు జీపు దిగగానే అధ్యక్షురాలు మైకు అందుకుంది. మైకు దొరికితే ఆవిడ వదిలే మనిషి కాదు. సంఘం పుట్టుక, తన త్యాగం, పొత్తిళ్ళ పద్ధతి, దాని ప్రయోజనాలు, ఒక్కటీ మిగల్చలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటున్నారు.

“ఒక్కొక్క చాక్లెట్ ముక్కలోనూ ఒక తల్లి గుండె ఉంది!” అంది గద్గద స్వరంతో.

ఆ క్షణానికి తల్లి గుండె తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మచ్చగా దిగింది. ముందు ఒక్కటే మచ్చ. తరవాత అడుగు వరసలో ప్రతి పెట్టె మూలా తడిసింది. కాసేపటికి తల్లుల గుండెలన్నీ కలిసి బల్ల కాలు వెంట నేలకు జారుతున్నాయి. ఈగలు చేరాయి. అవునమ్మ చూసింది, చూసి కళ్ళు తిప్పుకుంది. అధ్యక్షురాలు బల్లకి వీపు పెట్టి మాట్లాడుతోంది కాబట్టి ఆవిడకు కనబడలేదు. కోడలికి స్పష్టంగా కనబడింది. చెప్పాలనిపించలేదు.

చప్పట్లయ్యాక ఆఫీసరు ఫొటో కోసం నడినెత్తిన ఉన్న పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. నానిపోయిన అడుగు అట్ట కాస్తా ఊడింది. లోపలిదంతా ఆయన చొక్కా మీద, పతకాల మీద, బూట్ల మీద పడింది. ఫొటోగ్రాఫరు వృత్తిధర్మం పాటించి వరసగా నొక్కుతూనే ఉన్నాడు. ఆఫీసరు వంగి, కారుతున్న ఉండ ఒకదాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు.

“ఏంటమ్మా ఇది?”

“చాక్లెట్,” అంది అధ్యక్షురాలు.

“సాక్సులండీ,” అంది కోడలు అదే క్షణంలో.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆఫీసరు ఒకసారి అత్తగారి వంక, ఒకసారి కోడలి వంక చూశాడు.

“అక్కడ నేనూ పనిచేశానమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఇక్కడి మధ్యాహ్నం ఎండ అక్కడ తెల్లారేసరికే ఉంటుంది. అక్కడ కుర్రాళ్ళకి కావలసింది పొడిగా ఉన్న గుడ్డ. మీరు దాన్ని తీసుకెళ్ళి ఇందులో ముంచారు.”

“ఇవాళ ఎండ మామూలుగా లేదండీ. మీ జీపు కూడా ఆలస్యమైంది...” అని మొదలుపెట్టి అధ్యక్షురాలు అలవాటుగా పక్కకి చూసింది.

“అవునవును,” అంది అవునమ్మ. కానీ ఆవిడ చూస్తున్నది ఆఫీసరు వైపు. “పొడి గుడ్డే కావాలండి. నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.”

కోడలు అత్తగారిని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. జాలి పడాల్సింది, పడలేదు. ఇన్నాళ్ళ కసి తీరినట్టయింది. ఆఫీసరు వ్యానుకి కాస్త గడువిచ్చి, తడిది ఒక్కటీ ఎక్కించొద్దన్నాడు. ఆడవాళ్ళంతా చాక్లెట్‌లో మోచేతులదాకా చేతులు ముంచి, బాగున్న వస్తువుల్ని ఏరి, కొత్త అట్టపెట్టెల్లో సర్దారు. కోడలు డిక్కీలోంచి సంచీ తెచ్చి భర్త పెట్టె నింపింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అత్తగారు హాల్లోకి వెళ్ళి, పరీక్ష జరిగిన బీరువా పక్కన కుర్చీలో కూర్చుంది. వ్యాను కదిలేదాకా బయటికి రాలేదు.

తరవాతి రోజుల్లో సంఘానికి కొత్త అధ్యక్షురాలు వచ్చింది. అవునమ్మే. ఎండ గురించి ఇప్పుడు ఆవిడ చెప్పినంతగా ఎవరూ చెప్పలేరట. చాక్లెట్ నిషేధిస్తూ తీర్మానం చేసి, దాన్ని కూడా పత్రికకి ఇచ్చింది. అత్తగారు గడప దాటడం మానేసింది. పొయ్యి మీద పాలు కాగుతున్నా లేచి ఆపడం మరిచిపోయేది. చాక్లెట్ పళ్ళెం కడిగి అటక మీద పెట్టేసింది. కోడలు తను గెలిచాననుకుంది. కాకపోతే ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక గడియారం చప్పుడు కూడా విసుగ్గా అనిపించేది.

భర్త నుంచి ఫోన్ వచ్చినప్పుడు కోడలు వంటింట్లో చేతులు తడిగా ఉండడంతో స్పీకర్ నొక్కి గట్టు మీద పెట్టింది. అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

“సాక్సులు అందాయా?” అంది కోడలు ముందుగా. గొంతులో గర్వం దాచుకోలేదు.

“అందాయి. పొడిగా ఉన్నాయి. పుళ్ళు ఆరుతున్నాయి,” అన్నాడతను. ఆ మాటకి కోడలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళ ఆరాటం ఆ ఒక్క మాట కోసమే. కానీ అతని గొంతులో సంతోషం లేదు. “నిజం చెప్పు. అమ్మకి ఏమైంది?”

“ఏమవుతుంది? బాగానే ఉన్నారు.”

“నా దగ్గర దాచకు. పెట్టెలో చాక్లెట్ లేదు. మంచాన పడిందా? అందుకే నాకు చెప్పట్లేదా?”

“చాక్లెట్ నువ్వెప్పుడు తిన్నావని? అది మీకు చేరేసరికి...”

“తినడమేంటి, దాన్నెవడు తిన్నాడు! ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టలేదు ఎవరూ. పెట్టె విప్పగానే ఆ జిగురు చేతికి అంటుకునేది. హమ్మయ్య, అమ్మ బాగానే ఉంది, ఎవరి మాటా వినట్లేదు అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకునేవాణ్ణి. ఈసారి విప్పితే సాక్సులు తెల్లగా ఉన్నాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.”

కోడలికి గుమ్మం వైపు చూడడానికి భయమేసింది. ఒక్క ముక్క కూడా ఎవరూ తినలేదన్న మాట ఆవిడ చెవిన పడింది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

అత్తగారు లేచి వచ్చి గట్టు మీద ఫోన్ దగ్గర నిలబడింది.

“నేను బాగానే ఉన్నానురా,” అంది. “కాళ్ళకి పుళ్ళు పడ్డాయా?”

“అమ్మా, నువ్వక్కడే ఉన్నావా?” అన్నాడతను.

“అడిగిందానికి చెప్పు.”

“తగ్గిపోయాయమ్మా.”

“సరే. సాక్సులు మార్చుకో పూటపూటకీ,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కోడలు తిట్లకి సిద్ధపడింది. అత్తగారు మాత్రం స్టూలు వేసుకుని అటక మీదనుంచి పళ్ళెం దింపింది. వెన్న, పాలు, చక్కెర పొయ్యి మీద పెట్టి కలపసాగింది. కోడలు ఆపలేదు, సాయమూ చేయలేదు. ఈసారి ఆవిడ పళ్ళెంలో పోయలేదు. అరల్లో వెతికి, బిగుతు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా తీసి, అందులో నాలుగు చెంచాలు పోసింది. మిగతాది గిన్నెలోనే వదిలేసింది. మూత బిగించి, చేతిగుడ్డ వేసి మళ్ళీ బిగించి, కోడలి చేతికిచ్చింది.

“ఎండలో పెట్టి రా. కారుతుందేమో చూద్దాం.”

కోడలు డబ్బా పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. వెనకాలే అత్తగారు కూడా వచ్చింది. గొడుగు లేకుండా, చెప్పులు లేకుండా. గచ్చు మీద పాదం పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టి, ఈసారి తియ్యకుండా నిలబడింది.

“అక్కడ ఇంతకన్నా ఎక్కువ ఉంటుందా?” అంది.

“చాలా ఎక్కువ అత్తయ్యా.”

ఆవిడ నీడలోకి వెళ్ళలేదు. కోడలు వచ్చే నెల పెట్టె కోసం ఉతికి తీగ మీద ఆరేసిన తెల్ల మేజోడు ఒకటి తీసి పిట్టగోడ మీద పరిచి, దాని మీద డబ్బా పెట్టింది. ఇద్దరూ అక్కడే నిలబడి దానివంక చూస్తూ ఉండిపోయారు.